యాత్రకు బయలుదేరే బిడ్డలు – మన చేతిలోని అమానతు

మొదటి ఖుత్బా

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే చెందుతాయి. నేలను మన నడకకు అనువుగా పరచినవాడు, నీటిపై నావలను నడిపించేవాడు, బయలుదేరినవానిని తిరిగి ఇంటికి చేర్చేవాడు ఆయనే. ఆయననే మనం స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. మన తప్పులకు ఆయన క్షమాపణనే వేడుకుంటున్నాము. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆయన దాసుడు, ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

అమ్మా బాద్. ధార్మిక సోదరులారా! పరదా ఆవల నుండి వింటున్న సోదరీమణులారా! ముందుగా మనకు మనం, ఆపై ఒకరికొకరం దైవభీతిని బోధించుకుందాము. తఖ్వా నమాజు వరుసలోనే ముగిసేది కాదు. మనకు అప్పగించబడిన ప్రతి వస్తువు గురించి, ప్రతి ప్రాణం గురించి రేపు ప్రశ్నించబడతామన్న ఎరుకే తఖ్వా. ప్రతి ఒక్కరూ ఒక కాపరియేనని, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ రోజు మనం ఆ కాపరితనంలోని ఒక్క భాగాన్ని గురించి మాట్లాడుకుందాము. అది మన పిల్లల ప్రయాణం.

సోదరులారా! పరీక్షలు ముగింపునకు వస్తున్న రోజులివి. ఇంజనీరింగు, డిగ్రీ, ఫార్మసీ చదివే బిడ్డలు లేని వీధి మన మహల్లాలో లేదు. చివరి సంవత్సరం వారు టూరుకు వెళ్ళాలని కోరుకుంటారు. కొందరిది కళాశాలే ఏర్పాటు చేసే పారిశ్రామిక సందర్శన. మరికొందరిది మిత్రులు డబ్బు పోగుచేసుకుని వెళ్ళే విహారం. మనాలీ, గోవా, ఊటీ, అరకు, పాపికొండలు, బొగత జలపాతం – ఊళ్ళ పేర్లు మారతాయి గాని ఇంట్లో జరిగే సంభాషణ మారదు. "అందరూ వెళ్తున్నారు అబ్బాజాన్, నేనొక్కడినే మిగిలిపోతాను" అంటాడు కొడుకు.

ఒక ఇంట్లో తండ్రి కారణం చెప్పకుండానే "వద్దు" అని లేచిపోతాడు. వారం తర్వాత ఆ బిడ్డ, స్నేహితుని గదిలో చదువుకుంటానని తల్లితో అబద్ధమాడి బస్సు ఎక్కుతాడు. మరొక ఇంట్లో తండ్రి "ఎంత కావాలి?" అని మాత్రమే అడిగి, ఫోనులో డబ్బు పంపి, తన బాధ్యత తీరిందనుకుంటాడు. చూడడానికి ఈ ఇద్దరు తండ్రులూ భిన్నమైనవారు. ఒకరు కఠినులు, మరొకరు ఉదారులు. కాని ఆ రాత్రి తమ బిడ్డ ఏ దారిలో, ఎవరు నడిపే బండిలో, ఎవరి పర్యవేక్షణలో ఉన్నాడో వారిద్దరిలో ఎవరికీ తెలియదు. ప్రమాదం ఎదురైతే మొదటి తండ్రికి వార్త చేరడం కూడా ఆలస్యమవుతుంది, ఎందుకంటే అక్కడి మిత్రులు నిజం చెప్పడానికే భయపడతారు.

బిడ్డ ప్రయాణం మన చేతిలోని అమానతు. అనుమతి ఇచ్చినంత మాత్రాన ఆ అమానతు తీరదు, నిరాకరించినంత మాత్రాన కూడా తీరదు. బిడ్డతో కూర్చుని, అడిగి, విని, ఆ ప్రయాణాన్ని కలిసి సిద్ధం చేసినప్పుడు మన వంతు నెరవేరుతుంది. ఆ పైన ఫలితం అల్లాహ్ చేతిలో ఉన్నది.

సోదరులారా! ఈ విషయంలో మనకు యూసుఫ్ సూరాలో గొప్ప పాఠమున్నది. ఆ సూరాలో ఒక తండ్రి తన బిడ్డలను ప్రయాణానికి పంపిన సందర్భాలు మనం అనేకసార్లు విన్నాము. ఆ తండ్రి సామాన్యుడు కాదు, అల్లాహ్ ప్రవక్త యాఖూబ్ (అలైహిస్సలాం).

మొదటిసారి అన్నలు వచ్చి, యూసుఫ్‌ను తమతో పంపమని, ఆడిపాడి వస్తాడని, తాము కాపాడుతామని అడిగారు. వారి మనసులోని కుట్ర వేరు, అది మన పిల్లల విషయం కాదు. మనం గమనించవలసినది ఆ తండ్రి వెల్లడించిన భయాన్ని. వారు ఏమరుపాటుగా ఉన్న వేళ తోడేలు తన బిడ్డను పొట్టన పెట్టుకుంటుందేమోనని ఆయన భయపడ్డారు. తోడేలు అడవిలో ఎప్పుడూ ఉండేదే. ప్రమాదానికి తలుపు తెరిచేది మనిషి ఏమరుపాటేనని ఆయన మాటలో ఉన్న హెచ్చరిక. దానికి అన్నలు ఇచ్చిన సమాధానం కూడా తెలిసినదే. తాము బలమైన జట్టుగా ఉన్నామని, అలాంటిది ఎలా జరుగుతుందని వారన్నారు. నేటికీ మన యువకుల నోట ఇదే మాట వినిపిస్తుంది: "ఇంతమందిమి ఉన్నాము కదా, ఏమవుతుంది?" సంఖ్య రక్షణ కాదని ఆ ఉదంతం మనకు చెబుతున్నది.

ఏళ్ళు గడిచాయి. కరువు వచ్చింది. ధాన్యం కోసం చిన్న కొడుకును కూడా వెంట తీసుకుని ఈజిప్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఈసారి ఆ తండ్రి ఏమి చేశారో చూడండి. తామందరూ చిక్కుపడి నిస్సహాయులైతే తప్ప బిడ్డను తిరిగి తెస్తామని అల్లాహ్ పేరిట ప్రమాణం తీసుకున్న తర్వాతనే పంపారు. పట్టణంలోకి అందరూ ఒకే ద్వారం గుండా పోవద్దని, వేర్వేరు ద్వారాల నుండి ప్రవేశించమని దారి కూడా చెప్పారు. ఇవన్నీ చేసిన తర్వాత, అల్లాహ్ నిర్ణయాన్ని తాను తప్పించలేనని, తన భరోసా ఆయనపైనేనని ప్రకటించారు. ఆ క్రమాన్ని గుర్తుపెట్టుకోండి. ముందు ప్రమాణం, తర్వాత దారి గురించిన సూచన, ఆ తర్వాత తవక్కుల్. ఈ జాగ్రత్తను ఖుర్‌ఆన్ తప్పుపట్టలేదు. పైగా ఆయనను జ్ఞానం కలవారిగా పేర్కొన్నది.

కాని మనలో కొందరు జాగ్రత్తను విశ్వాస లోపంగా భావిస్తారు. "రాసిపెట్టి ఉన్నది జరిగి తీరుతుంది" అని, బండి చక్రాలు కూడా చూడకుండా బిడ్డను ఎక్కిస్తారు. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భరోసా ఉంచాలా, విడిచిపెట్టి భరోసా ఉంచాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టి, ఆపై భరోసా ఉంచమని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. తెలిసినదాన్ని ఆచరించడమే మిగిలి ఉన్నది.

ఆ మహనీయుని హిజ్రత్‌నే చూడండి. అల్లాహ్ రక్షణ వాగ్దానం ఉన్నవారు ఎలా ప్రయాణమయ్యారు? రెండు ఒంటెలను ముందే సిద్ధపరిచారు. మదీనా ఉత్తరాన ఉంటే, శత్రువుల అంచనా తప్పించడానికి దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్ళారు. అక్కడ మూడు రాత్రులు ఆగారు. అబూబక్ర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ పగలు మక్కాలో వార్తలు విని రాత్రి చేరవేసేవారు. అస్మా (రజి) ఆహారం కట్టి ఇచ్చారు. ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకలను అటు తోలుకువచ్చి పాలు అందించేవారు. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి మాట్లాడారు. అతను అప్పటికి ముస్లిం కాడు, కాని ఎడారి దారులు బాగా ఎరిగిన నమ్మకస్థుడు. వాహనం, దారి, ఆహారం, సమాచారం, నిపుణుడైన మార్గదర్శి – ఈ అయిదింటిలో ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు. ఇంత ఏర్పాటు చేసినవారే, శత్రువులు గుహ ముంగిటికి వచ్చినప్పుడు, అల్లాహ్ తోడున్నాడని చెప్పి తన సహచరుని ఓదార్చారు. ఏర్పాటుకూ తవక్కుల్‌కూ మధ్య వైరుధ్యం ఎక్కడున్నది?

ప్రియ సోదరులారా! ఇక ఒక బాధాకరమైన సంఘటనను గుర్తుచేసుకుందాము. హైదరాబాదు వారు దానిని మరచిపోలేదు. 2014 జూన్ 8న నగరంలోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల బృందం హిమాచల్ ప్రదేశ్‌లో ప్రయాణిస్తున్నది. సాయంత్రం మండీ జిల్లాలో బియాస్ నది ఒడ్డున ఆగారు. వేసవి కాలం, నదిలో నీరు తక్కువ, తేలిన బండరాళ్ళు. ఫోటోలు దిగడానికి పిల్లలు ఆ రాళ్ళపైకి వెళ్ళారు. అంతలో ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట నుండి నీరు విడుదలైంది. చూస్తుండగానే నీరు చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న ఒక టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వెతుకులాట వారాల తరబడి సాగింది. ఒడ్డునే కూర్చుని ఎదురుచూసిన తల్లిదండ్రుల చిత్రాలను మనమంతా చూశాము. వారిలో ఎవరి మతమేదని మనం అడగలేదు. అందరి కోసమూ కన్నీరు పెట్టాము.

ఆ తర్వాత అక్కడి హైకోర్టు ఈ విషయాన్ని తానే స్వయంగా విచారణకు తీసుకున్నది. ఆనకట్ట నిర్వహించినవారికీ, కళాశాలకూ, ప్రభుత్వానికీ బాధ్యత ఉన్నదని తేల్చి, తల్లిదండ్రులకు పరిహారం ఇప్పించింది. 2015లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, విద్యాసంస్థల ప్రాంగణం లోపలా వెలుపలా విద్యార్థుల భద్రత గురించి మార్గదర్శకాలు వెలువరించింది. ఇవి అవసరమే. అయితే పరిహారం బిడ్డను తిరిగి తేలేదు, నియమావళి తనంతట తాను ఎవరినీ చేయి పట్టి ఒడ్డుకు లాగదు.

ఆ పిల్లలు దుస్సాహసానికి దిగినవారు కారు. అప్పటికి నది నెమ్మదిగానే ఉన్నది. అదే మనల్ని భయపెట్టవలసిన విషయం. ఆనకట్ట దిగువన ఉన్న నదికి వానతో పని లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన గేట్లు ఎత్తితే పొడి రాళ్ళు నిమిషాలలో మునిగిపోతాయి. ఈ సంగతి ఆ ప్రాంతంవారికి తెలుస్తుంది. వందల మైళ్ళ దూరం నుండి వచ్చినవారికి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. ఎరిగినవారిని అడగడం ఉరైఖిత్‌ను వెంటబెట్టుకున్న సున్నత్. అడగకపోవడం యాఖూబ్ (అలైహిస్సలాం) భయపడిన ఆ ఏమరుపాటు. తన చేతులతో తన్ను తాను వినాశంలోకి నెట్టుకోవద్దని మన ప్రభువు హెచ్చరించాడు. దానం చేయకుండా చేయి ముడుచుకోవడం గురించి ఆ హెచ్చరిక అవతరించినా, తెలిసి తెలిసి ప్రాణాన్ని ప్రమాదంలో పడవేసే ప్రతి పనికీ పండితులు దానిని వర్తింపజేశారు.

ఇంతటితో ఈ భాగాన్ని ముగిస్తూ, మన కోసం, మీ కోసం, విశ్వాసులందరి కోసం అల్లాహ్ క్షమాపణను వేడుకుంటున్నాము. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన అమితంగా క్షమించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స) పైనా, సన్మార్గాన నడిచిన వారందరి పైనా శాంతి కలుగుగాక!

విద్యార్థులైన యువకులారా! ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాము. మీరు ప్రయాణం చేయడం తప్పు కాదు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని ఖుర్‌ఆన్ పదే పదే పిలుపునిచ్చింది. మీ ప్రయాణం మీ ధర్మానికి తగినట్లు ఉండాలన్నదే మన కోరిక.

మొదటి విషయం: ముగ్గురు ప్రయాణమైతే తమలో ఒకరిని అమీరుగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నలభై మంది బయలుదేరితే ఆ అవసరం ఎంత ఎక్కువ! అయితే ఎవరిని ఎన్నుకోవాలి? అందరికంటే గట్టిగా మాట్లాడేవానిని కాదు, అందరినీ నవ్వించేవానిని కాదు. "ఇక్కడ దిగవద్దు" అని చెప్పి, అందరూ ముఖం ముడుచుకున్నా నిలబడగలిగేవానిని ఎన్నుకోండి. ఎన్నుకున్న తర్వాత అతని మాట వినండి. దైవప్రవక్త (స) ప్రయాణంలో బిడారుకు వెనుక నడిచేవారు, బలహీనులను ముందుకు నడిపించేవారు, నడవలేనివారిని తన వాహనం వెనుక ఎక్కించుకునేవారు. కాబట్టి అమీరు స్థానం వెనుక సీటు. చివరి మనిషి ఎక్కాడా లేదా అని చూసేవాడే అమీరు. ఆగిన ప్రతి చోటా తలలు లెక్కించండి. ఇద్దరిద్దరిని జంటలుగా చేయండి. తన జంట కనిపించకపోతే వెంటనే చెప్పడం ప్రతివాని విధి.

రెండవ విషయం: అమీరు మాట వినడానికి కూడా ఒక హద్దున్నది. దైవప్రవక్త (స) ఒక దళాన్ని పంపినప్పుడు దాని నాయకుడు ఏదో విషయంలో కోపగించి, కట్టెలు పోగుచేయించి, మంట వేయించి, అందులో దూకమని తనవారిని ఆజ్ఞాపించాడు. కొందరు సిద్ధపడబోయారు. మరికొందరు, తాము అగ్ని నుండి తప్పించుకోవడానికే కదా ప్రవక్త (స) వద్దకు వచ్చామని ఆగిపోయారు. ఇంతలో మంట ఆరింది, నాయకుని కోపమూ చల్లారింది. ఈ సంగతి విన్న ప్రవక్త (స), వారు గనుక అందులో ప్రవేశించి ఉంటే మరెన్నడూ బయటపడేవారు కారని, విధేయత మంచి విషయంలో మాత్రమేనని స్పష్టం చేశారు.

యువకులారా! మీ కాలంలో ఆ మంట వేరే రూపంలో వస్తుంది. "ఒక్క ఫోటో" అంటారు. "పిరికివాడివా" అంటారు. "ఇంకో గంట నడిపితే చేరిపోతాము" అని నిద్రకళ్ళతో ఉన్న డ్రైవరును తొందరపెడతారు. ఆ వేళ ఆగిపోయినవాడు పిరికివాడు కాడు. నాడు మంట ముందు ఆగిపోయిన సహాబాల బాటలో నిలబడినవాడు. ఆ ఒక్కని మాట ఒక బస్సు నిండా ఉన్న తల్లుల కడుపుకోతను ఆపవచ్చు.

మూడవ విషయం: చెల్లాచెదరు కావద్దు. సహచరులు మజిలీ చేసినప్పుడు లోయలలో, కనుమలలో తలో దిక్కుకు పోయేవారు. అది షైతాను ప్రేరణ అని ప్రవక్త (స) వారించిన తర్వాత, ఒక్క వస్త్రం కప్పితే అందరికీ సరిపోతుందన్నంత దగ్గరగా దిగేవారని ఉల్లేఖనాలలో వచ్చింది. అలాగే రాత్రివేళ దారి మీద మజిలీ చేయవద్దని కూడా ఆయన (స) బోధించారు. నాడు దారిపై తిరిగేవి మృగాలు, విషప్పురుగులు. నేడు జాతీయ రహదారిపై చీకటిలో వచ్చేవి లారీలు. బస్సు చెడిపోయి రోడ్డు అంచున ఆగితే దాని వెనుకా ముందూ నిలబడి కబుర్లు చెప్పుకోవద్దు. రోడ్డుకు దూరంగా, అందరూ ఒకే చోట ఉండండి.

సోదరులారా! ఇక తల్లిదండ్రులుగా మనం బిడ్డను అడగవలసినవి ఏమిటి? ఇవి గుర్తుంచుకోండి, ఇంటికి వెళ్ళి రాసుకోండి.

ఎవరి వెంట వెళ్తున్నారు? కళాశాల తరఫున అయితే వెంట వచ్చే అధ్యాపకుల పేర్లు, ఫోను నంబర్లు తెలుసుకోవాలి. బయలుదేరే వేళ, దారి, మజిలీలు, తిరిగివచ్చే రోజు ఒక కాగితంపై ఉండాలి. ఆ కాగితం ప్రతి మన ఇంట్లో ఒకటి, కళాశాలలో ఒకటి, అమీరు చేతిలో ఒకటి ఉండాలి. అందులో ప్రతి విద్యార్థి రక్తం గ్రూపు, వాడే మందులు, ఉబ్బసం, మూర్ఛ వంటి వ్యాధుల వివరం, ఇంటి నంబరు రాయించాలి. ఫోను చార్జింగు అయిపోతుంది, కాగితానికి ఆ భయం లేదు.

ఏ బండిలో వెళ్తున్నారు? ఆ బస్సుకు టూరిస్టు పర్మిట్టు, ఫిట్‌నెస్, బీమా ఉన్నాయా? రాత్రి ప్రయాణమైతే ఇద్దరు డ్రైవర్లు ఉన్నారా? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని సాధారణంగా రోజుకు 8 గంటలకు పరిమితం చేసింది. అలసిన మనిషిని బలవంతంగా నడిపించడం అతనికీ అన్యాయమే, అతని వెనుక కూర్చున్నవారికీ అన్యాయమే. స్త్రీలు ఎక్కిన ఒంటెలను వేగంగా తోలుతున్న అన్‌జషాను, గాజుపాత్రలు మోస్తున్నట్లు నెమ్మదిగా తోలమని ప్రవక్త (స) వారించారు. ఘాట్ రోడ్డు ఎక్కే ప్రతి డ్రైవరుకూ ఆ మాట చెప్పండి, ప్రేమగా చెప్పండి, అతని భోజనం, నిద్ర మీ భోజనం, నిద్రకంటే ముందు చూడండి.

బస్సు ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడున్నదో, అద్దం పగులగొట్టే సుత్తి ఎక్కడున్నదో చూసుకోవాలి. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బెంగళూరు నుండి హైదరాబాదు వస్తున్న బస్సు తగలబడి 45 మంది మరణించారు. బయటపడినవారు కొద్దిమందే. మంట లేచిన తర్వాత తలుపు వెతికే వ్యవధి ఉండదు. సామాను గదిలో గ్యాసు స్టవ్వు, పెట్రోలు, బాణసంచా వంటివి పెట్టనివ్వకండి.

నీటి దగ్గరకు వెళ్తున్నారా? అయితే ముందుగానే ఒక నిర్ణయం చేసుకోవాలి: ఆనకట్ట దిగువన నదిలోకి ఎవరూ దిగరు. వానాకాలంలో జలపాతం కింద ఎవరూ నిలబడరు. సముద్రంలో, స్థానికులు వద్దన్న చోట అడుగు పెట్టరు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు బకిల్స్ బిగించి, దిగేవరకూ విప్పరు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉన్నప్పుడు కచ్చులూరు వద్ద పాపికొండల యాత్ర పడవ మునిగి ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిందో మనం చూశాము. నది ఉధృతంగా ఉంటే టిక్కెట్టు డబ్బు పోనివ్వండి. ఎవరైనా మునిగిపోతుంటే వెంట దూకవద్దు. ఒకని వెంట ఒకరు దూకి ముగ్గురు, నలుగురు పోయిన ఇళ్ళు మన జిల్లాలలోనే ఉన్నాయి. తాడు, దుపట్టా, పొడవైన కర్ర, ఖాళీ డబ్బా – ఏదైనా విసిరి లాగండి, కేక వేసి మనుషులను పిలవండి. దేశంలో ఎక్కడున్నా 112 కు ఫోను చేయవచ్చు. మన రెండు రాష్ట్రాలలో అంబులెన్సుకు 108 ఉన్నది.

ఆడబిడ్డల ప్రయాణం గురించి ఒక మాట. మహరమ్ విషయంలో ధర్మ నియమాన్ని మీరు విశ్వసించే పండితులను అడిగి పాటించండి. చదువులో భాగంగా కళాశాల తీసుకువెళ్ళే సందర్శన అయితే వెంట మహిళా అధ్యాపకులు ఉన్నారా, బస ఎక్కడ, గదులు ఎలా అన్నది తల్లి స్వయంగా మాట్లాడి తెలుసుకోవాలి. బిడ్డకు ఏ వేళలోనైనా, ఏ పరిస్థితిలోనైనా ఇంటికి ఫోను చేస్తే మొదట కోపగించరన్న భరోసా ఇవ్వండి. ఈ భరోసా కొడుకులకూ కావాలి. భయపడిన బిడ్డ మొదట తలచుకునే నంబరు మనదై ఉండాలి.

నమాజును కూడా ఈ ఏర్పాటులో చేర్చండి. ప్రయాణికునికి అల్లాహ్ నమాజును కుదించి సౌలభ్యం ఇచ్చాడు. మజిలీలను నమాజు వేళలతో కలిపి నిర్ణయించుకుంటే డ్రైవరుకూ విశ్రాంతి దొరుకుతుంది. వాహనం ఎక్కగానే ప్రయాణపు దుఆ చదవండి. దానిని అర్థం తెలిసి చదివినవాడు ఆ వాహనం తన శక్తితో లొంగినది కాదని, చివరకు తన ప్రభువు వద్దకే మరలవలసి ఉన్నదని గుర్తుంచుకుంటాడు. అలాంటివాడు స్టీరింగు పట్టుకున్నా, కిటికీ పక్కన కూర్చున్నా ఒదిగి ఉంటాడు. ప్రయాణం ఒక శిక్ష వంటిదని, పని ముగియగానే త్వరగా ఇంటివారిని చేరుకోమని కూడా ప్రవక్త (స) చెప్పారు. తిరుగుప్రయాణంలో అలసట, నిర్లక్ష్యం రెండూ పెరుగుతాయి కనుక ఆ రోజున మరింత జాగ్రత్త అవసరం.

సోదరులారా! చివరగా మన మస్జిదు బాధ్యత. ఈ సఫ్‌లలో లారీలు, బస్సులు నడిపే సోదరులు ఉన్నారు. ఏ కనుమ ఎప్పుడు ప్రమాదకరమో వారికి తెలుసు. టైరు చేత్తో తడిమి దాని వయసు చెప్పగల మెకానిక్కులు ఉన్నారు. కళాశాలలలో బోధించేవారు, ఆసుపత్రులలో పనిచేసేవారు ఉన్నారు. యాత్రకు వెళ్ళాలనుకునే విద్యార్థులు, ఏ మతంవారైన మిత్రులతో కలిసైనా సరే, జుమా తర్వాత వచ్చి వీరితో కూర్చోండి. మీ దారి చెప్పండి, మీ బండి చూపించండి. "వెళ్ళవద్దు" అని చెప్పడానికి మనం ఇక్కడ లేము. ఎలా వెళ్ళి ఎలా తిరిగిరావాలో చెప్పడానికి ఉన్నాము. పెద్దలారా, మీరూ ఆ పిల్లలను కసురుకోకండి. ఈ రోజు కసిరితే వారు రేపు చెప్పకుండా వెళ్తారు.

ఇక దుఆ చేసుకుందాము.

ఓ అల్లాహ్! మా బిడ్డలు నీవు మాకిచ్చిన అమానతు. ఈ అమానతు విషయంలో మేము చేసిన ఏమరుపాటును మన్నించు. మా ఇళ్ళలో పిల్లలు నిజం చెప్పగలిగే ధైర్యాన్ని, పెద్దలు దానిని వినగలిగే సహనాన్ని ప్రసాదించు. మా యువకులలో "ఆగండి" అని చెప్పగలిగేవారిని పుట్టించు, వారి మాట వినే మనసును తక్కినవారికి ఇవ్వు. దారిలో ఉన్న ప్రతి ప్రయాణికుని, అతని మతమేదైనా, క్షేమంగా అతని తల్లి ముంగిటికి చేర్చు. నీటిలో, నిప్పులో, రహదారులపై బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల గుండెలకు నీ వద్ద నుండి ఊరటనివ్వు. మరణించిన విశ్వాసులను క్షమించు. మా దేశంలో శాంతిని, మా పాలకులలో న్యాయాన్ని నెలకొల్పు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయాన్ని, మేలు చేయడాన్ని, బంధువుల హక్కులు తీర్చడాన్ని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. చెడును, దౌర్జన్యాన్ని నిషేధిస్తున్నాడు. ఆయనను స్మరించండి, ఆయనకు కృతజ్ఞులై ఉండండి. నమాజుకు నిలబడదాము.